దండ వేయని ఫోటో

సభకు వచ్చిన పెద్దలారా, అమ్మలారా, అన్నలారా, తమ్ముళ్లారా. నంద్యాల నుంచి వచ్చినవాళ్లకు, చాగలమర్రి నుంచి బస్సులో నిలబడి వచ్చినవాళ్లకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మా సాల్మన్ రాజు భార్య లూదియమ్మకు, బిడ్డ షాలినికి ఏం చెప్పాలో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చివర్లో వచ్చాను. తెలిసినవాళ్లంతా ఇప్పటికే మాట్లాడేశారు.

నా పేరు ఓబులేసు. ఆళ్లగడ్డలో ఎవరికి పెళ్లయినా, ఎవరు పోయినా, షామియానా, కుర్చీలు, మైకు నావే. ఇన్నేళ్లలో ఈ మైకులో నేను మాట్లాడింది 'హలో హలో' అని ఒక్క మాటే. మిగతాది మీలాంటి పెద్దలు మాట్లాడుకున్నారు. నా చదువు తొమ్మిదో తరగతి. అది కూడా నన్ను ఇంకో ఏడాది భరించలేక మా అయ్యవారు ముందుకు తోస్తే అబ్బిన చదువు. మాట మోటుగా ఉంటే కడుపులో పెట్టుకోండి. స్టేజీ మీద ఆయన, గారు అనాలంటారు. చిన్నప్పటినుంచి సాల్మన్‌ను వాడు అనే అన్నాను. లూదియమ్మా, ఇవాళ కూడా అట్లనే అంటాను.

మీ చేతుల్లో దండలు ఉన్నాయి. చూస్తున్నాను. స్టేజీ మీద సాల్మన్ రాజు ఫోటో ఉంది, దాని మీద ఒక్క పువ్వు కూడా లేదు. 'పోయినోని ఫోటోకు దండ గూడ ఏయలేదేందప్పా, ఈ ఓబులేసు పూలు గూడ మిగిలిచ్చుకున్యాడా' అని వెనక నుంచి ఒకాయన అన్నది నాకు వినపడింది. అన్నా, మైకు నాది. ఈ హాల్లో ఏ మూల ఏం వినపడుతుందో నాకు తెలుసు. దండ నేనే వేయనివ్వలేదు. వేయొద్దని లూదియమ్మ చెప్పింది. ఎందుకో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను. అప్పటిదాకా ఆ దండలు ఒళ్లో పెట్టుకోండి.

ఇందాక మాట్లాడిన పెద్దాయన సాల్మన్ రాజును కళామతల్లి ముద్దుబిడ్డ అన్నారు. అవునా? ఏ తల్లి అయినా ముద్దుబిడ్డను పేరు పెట్టి పిలవదా? ఇన్ని సీరియళ్లు చేశాడు గదా, ఏ సీరియల్లోనైనా వాడి పేరు పడిందా? మీలో ఎవరైనా చూశారా? అక్షరాలు పరుగెత్తే చోట వాడి పేరు వచ్చేలోపల అడ్వర్టైజ్‌మెంటు వచ్చేది. వాడు డాక్టరు. వాడు జడ్జి. వాడు పెళ్లికూతురు బాబాయి. వాడు తాకట్టు కాగితాల మీద సంతకం పెట్టి గుండె పట్టుకునే తండ్రి. చర్చిలో పెరిగినవాడు, జంధ్యం వేసుకుని టీవీలో ఎన్ని పెళ్లిళ్లు చేయించాడో. ఏ చానల్ పెట్టినా వెనక వరుసలో వాడు ఉండేవాడు. ఈ ఊళ్లో అందరికీ వాడి మొహం తెలుసు. పేరు ఎంతమందికి తెలుసు? ఇవాళ బ్యానరు మీద చదివి తెలుసుకున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. చేతులెత్తమని అడగను. భయపడకండి.

ఇంకో మాట. మన మాట వాడి నోట్లోంచి టీవీలో ఒక్కసారీ రాలేదు. మన మాట సుమోలో వచ్చి కత్తులు దూసేవాళ్లకే నప్పుతుందట. బిడ్డ పెళ్లికి కన్నీళ్లు పెట్టుకునే తండ్రి మాత్రం గోదావరి వైపు మాట్లాడాలట. నేర్చుకున్నాడు. ఊరికి వచ్చి బస్సు దిగి మొదటి మాట మాత్రం 'ఏందప్పా, బాగుండావా' అని మనలాగే గట్టిగా అనేవాడు. ఊపిరి పట్టుకున్నవాడు వదిలినట్టు అనేవాడు.

వాడు ఎట్లాంటివాడో మీకు తెలియాలంటే ఒక బస్సు సంగతి చెప్పాలి. అప్పటికి ఇద్దరికీ మీసాలు కూడా సరిగా రాలేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోతున్నాం. బస్సు కిక్కిరిసి ఉంది. సీటు సంపాదిస్తే నంద్యాలలో బిర్యానీ పెట్టిస్తానని నేను పందెం కాశాను. వాడు తలకు తువ్వాలు చుట్టాడు. నడుము వంచాడు. చేతులు వణికించాడు. మొహానికి రంగు లేదు, గడ్డం లేదు. అయినా నా కళ్ల ముందే డెబ్భై ఏళ్ల ముసలాయన అయిపోయాడు. ఒకాయన లేచి, 'కూర్చో పెద్దాయనా' అని సీటిచ్చాడు. నేను పక్కకు తిరిగి నవ్వు ఆపుకోలేక చస్తున్నాను. సిరివెళ్ల దాటాం. వాడు ముసలాయనే. నంద్యాల వచ్చింది. వాడు ముసలాయనే. సీటిచ్చిన ఆయన చెయ్యి పట్టి మెల్లగా దింపాడు. బస్టాండు బయట మలుపు తిరిగేదాకా వాడు వంచిన నడుము ఎత్తలేదు. 'ఇంగ లేయిరా, ఆయప్ప పోయినాడు' అన్నాను. అప్పుడు వాడు అన్న మాట వినండి. 'సీటిచ్చినాయప్ప ఆళ్లగడ్డ నుంచి నిలబడొచ్చినాడు రా. నేను చక్కగ నిలబడేది చూస్తే ఆయప్ప కాళ్లనొప్పి యాడికి పోవల్ల?'

అదీ సాల్మన్ రాజు. నేను జనాన్ని నవ్వించడానికి మోసం చేసేవాణ్ని. వాడు మోసం చేసినా, ఎదుటివాడు చిన్నబోకుండా చూసేవాడు. బిర్యానీ కూడా సగమే తిన్నాడు.

రెండో సంగతి చెప్పాలంటే మా రామేశ్వరమ్మవ్వను అడగాలి. అదిగో, ముందు వరుసలో కూర్చుంది. రెండేళ్ల కిందట గుండెలో మంటగా ఉందని సాల్మన్ హైదరాబాదు నుంచి వచ్చాడు. నేనే నంద్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. వరండాలో కూర్చున్నాం. ఈ అవ్వ స్కానింగు కవరు పట్టుకుని సరాసరి వాడి దగ్గరికి వచ్చి నిలబడింది. టీవీలో తెల్లకోటు వేసుకునే డాక్టరు వాడే కదా మరి. టీవీలో డాక్టరు పని ఏంది? తలుపు తీసుకుని బయటికి రావాలి, కళ్లద్దాలు తీయాలి, తల అడ్డంగా ఊపాలి. వాడి చేతిలో ఒక్క రోగీ బతికింది లేదు. అవ్వ ఆ మాటే అడిగింది. 'టీవీలో నువ్వు ఒక్కర్నన్నా బతికిచ్చింది లేదు నాయనా. నన్నన్నా బతికిచ్చు' అంది.

నేనైతే ఆమెకు రెండు గోళీలు రాసిచ్చి పంపేవాణ్ని, తమాషాకు. వాడు నవ్వలేదు. నేను డాక్టర్ని కాదవ్వా అని ఆమెను పదిమందిలో చిన్నబుచ్చనూ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని నొప్పి యాడ అని అడిగాడు. కవరు చేతబట్టుకుని ఆమెతోపాటు వరుసలో నిలబడ్డాడు. అసలు డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఆయన చెప్పిందంతా మన మాటల్లో ఆమెకు చెప్పాడు. తన వంతు వస్తే పోగొట్టుకున్నాడు. మళ్లీ చివర నిలబడ్డాడు. సాయంత్రం బయటికి వచ్చి, 'అవ్వకు ఏం లేదంటప్పా. జబ్బంతా నాకే ఉండాది' అన్నాడు. అవ్వ ఇవాళ రాయిలా ఉంది. నిండు నూరేళ్లు ఉండు అవ్వా. నిన్ను అనడం లేదు. లెక్క ఎట్లా తిరగబడిందో చెబుతున్నాను, అంతే.

ఇక దండ సంగతికి వస్తాను.

వాడు చనిపోయే వేషాలు చాలా వేశాడు. ఆ పనిలో ఒక ఆచారం ఉందట. శవంగా పడుకున్న మనిషిని, దండ వేసిన ఫోటోలో ఉన్న మనిషిని ఊరికే ఇంటికి పంపరు. షాట్ అయిపోగానే కెమెరా ఆపకుండా, 'లేవండి సార్, ఒకసారి నవ్వండి' అంటారు. దండ తీసేస్తారు. మనిషి కెమెరాలోకి చూసి బాగా నవ్వాలి. దాన్ని వాళ్లు నవ్వు షాట్ అంటారు. అది టీవీలో రాదు. కోసి పారేస్తారు. చావు నిజం కాదని కెమెరాకు చెప్పడం అన్నమాట. పాస్టరు గారు ఒకసారి ఇదేం నమ్మకం అని అడిగితే, 'నమ్మకం కాదయ్యగారూ, మర్యాద. చచ్చి వెళ్లిపోతే బాగుండదు' అన్నాడు. ప్రతి చావుకూ లేచి నవ్వాడు. వాడి నవ్వులన్నీ అట్లా ఎవరూ చూడకుండా పోయాయి. టీవీలో మనకు వచ్చినవి చావులే.

ఆఖరి సీరియల్లో వాడు హీరోయిన్ తండ్రి. ఏళ్ల తరబడి నడిచిన వేషం. రోజూ రాత్రి ఏడున్నరకు ఆళ్లగడ్డలో పొయ్యి మీద కూర మాడిందంటే కారణం వాడే. గుండెకు స్టెంటు వేయాలన్నారు. నంద్యాల ఆసుపత్రిలో చేరాడు. కొన్ని రోజులు ఆగమని హైదరాబాదుకు ఫోన్ చేశాడు. 'మీ ఆరోగ్యం ముఖ్యం సార్' అన్నారు. ఎంత మంచివాళ్లు. ఆగలేదు.

వార్డులో గోడకు టీవీ ఉంది. నేను, లూదియమ్మ, షాలిని పక్కనే ఉన్నాం. వాడి చేతికి సెలైను ఎక్కుతోంది. టీవీలో ఫోన్ మోగింది. హీరోయిన్ చేతిలో కాఫీ పళ్లెం కింద పడింది. నాన్నగారు కారు ప్రమాదంలో పోయారట. ఆ ప్రమాదం చూపించలేదు, ఖర్చవుతుంది కదా. గోడ మీద ఫోటో చూపించారు. ఫోటోకు దండ, కింద దీపం.

వార్డు వార్డంతా టీవీ వైపు చూసింది, మంచం వైపు చూసింది. పక్క మంచం ఆయన, ఆపరేషన్ అయిన మనిషి, మోచేతి మీద లేచి, 'ఏందప్పా, నువ్వు ఈడుండావు, ఆడ దండేసినారు' అన్నాడు. లూదియమ్మ టీవీ ఆపడానికి లేచింది. 'ఉండనీ, ఎట్ల తీసినారో చూస్తాం' అన్నాడు. చివరిదాకా చూశాడు. ఆ అమ్మాయి కళ్లకు గ్లిజరిన్ ఎక్కువ పెట్టుకుందని, ఏడుపు లోపలి నుంచి రాలేదని కూడా చెప్పాడు. పనిమంతుడు కదా. ఆ తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. 'ఓబులేసూ, నవ్వు షాట్ ఎవురు చేసినారు?'

ఎవరు చేస్తారు? నవ్వాల్సిన మనిషి నంద్యాలలో మంచం మీద ఉన్నాడు.

ఆ ఫోటో ఏదో తెలుసా? ఇదే. స్టేజీ మీద ఉన్నది. షాలిని డిగ్రీ పట్టా తీసుకున్న రోజు తీసింది. మీసం అతికించకుండా, రంగు వేయకుండా, వాడు వాడిగా ఉన్న ఫోటో ఆ ఇంట్లో ఇదొక్కటే. సెట్లో గోడకు పెట్టాలి, సహజంగా నవ్వుతూ ఉన్నది కావాలని అడిగితే ఎప్పుడో దీని కాపీ ఇచ్చాడు. బిడ్డను చూసి నవ్విన నవ్వు ఇది. దానికి దండ వేశారు.

మీలో కొందరు అనుకుంటూ ఉంటారు, ఫోటోకు దండ వేస్తే మనిషికి ఏమవుతుంది, అదొక పిచ్చి అని. నేనూ అట్లనే అన్నాను. కానీ అన్నలారా, దండ వాడి గుండెను పట్టుకోలేదు. కూటిని పట్టుకుంది. ఒళ్లు కుదుటపడ్డాక పని అడుగుదామని ఎవరికి ఫోన్ చేసినా ఒకటే జవాబు. 'మీరు అక్కడ గోడ మీద ఉన్నారు కదా సార్. మిమ్మల్ని చూస్తే జనానికి దండే గుర్తొస్తుంది.' రోజూ ఏడున్నరకు చచ్చి కనిపించే మనిషికి ఇంకొకరు బతికిన వేషం ఎట్లా ఇస్తారు? ముప్పై ఏళ్లు అందరి వెనకా నిలబడి సంపాదించుకున్న మొహం. దాన్ని ఒక మేకుకు తగిలించారు. వాడు రెండేళ్లూ ఒకే మాట అన్నాడు. 'దండ తీసి ఒక్క నవ్వు నవ్వితే చాలప్పా. మళ్ల పనిలోకి పోతా.'

సరే పదమని నేనే హైదరాబాదుకు తీసుకుపోయాను. స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ మన జూపాడు బంగ్లా మనిషి. వాణ్ని చూసి లేచి నిలబడ్డాడు. కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. టీ తెప్పించాడు. లోపలికి మాత్రం పంపలేదు. 'సార్, నువ్వు పోయినావు గదా సార్. ఏమని పంపల్ల?' అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే ఆ వాచ్‌మన్‌కు తెలియలేదు. లోపల పనిలో ఉన్నవాళ్లకే ఆ గేటు. నేను గొడవపడదామని చొక్కా చేతులు మడిచాను. సాల్మన్ ఆపాడు. వాచ్‌మన్ ఉద్యోగం పోతుందని.

ఆఖరికి మేనేజరు ఫోన్‌లో దొరికాడు. సాల్మన్ వేషం అడగలేదు. ఒక్క నిమిషం ఆ దండ తీయించండి, కెమెరా ముందు ఒకసారి నవ్వి వెళ్లిపోతానన్నాడు. ఆ మహానుభావుడు ఏమన్నాడు? 'మీ ఫోటో బాగా పండింది సార్. ఆ గోడ లేకుండా ఇప్పుడు ఒక్క సీను కూడా లేదు. దండ తీస్తే కంటిన్యుటీ పోతుంది.' కంటిన్యుటీ అంటే నిన్న ఉన్నట్టే ఇవాళా ఉండటమట. వాణ్ని చచ్చినట్టే ఉంచడానికి అంత శ్రద్ధ.

తిరిగి వచ్చే బస్సులో ఒకాయన వాణ్ని గుర్తుపట్టి లేచి సీటిచ్చాడు. ఈసారి వాడు నడుము వంచలేదు. వంచాల్సిన పని లేకపోయింది.

నేను ఊరుకోలేదు. నా పేరేంది? ఆళ్లగడ్డలో ఏడ్చేవాణ్ని కూడా నవ్విస్తాడని కదా మీరు నన్ను అనేది. నా షామియానా గోడౌన్లో మేకు కొట్టి, ఈ ఫోటో తగిలించి, దండ వేయించాను. వాళ్ల ఆచారం ప్రకారమే. షాలిని సెల్‌ఫోన్ కెమెరా పట్టుకుంది. దండ తీశాను. 'లేయప్పా, నవ్వు' అన్నాను.

రాలేదు.

బస్సులో ముసలాయన వేషం వేసి చూపించాను. లూదియమ్మ నవ్వింది. మేనేజరు గొంతు అనుకరించాను. ఫోన్ పట్టుకున్న షాలిని చెయ్యి ఊగేంత నవ్వింది. వాడు మా మొహాలు చూసి పళ్లు కనిపించేలా నవ్వాడు. మేము చప్పట్లు కొట్టాం. వాడు ఫోన్ తీసుకుని చూసుకున్నాడు. 'ఇది నటన. తీసెయ్ పాపా' అన్నాడు. మళ్లీ చేశాం. మళ్లీ తీసేయమన్నాడు. అన్ని చావులకు లేచి నవ్విన మనిషికి, అడగ్గానే ఏ మనిషి నవ్వైనా తెచ్చి మొహాన పెట్టుకునే మనిషికి, తన నవ్వు రాలేదు. 'వద్దులే ఓబులేసూ. ఇంగ రాదు' అన్నాడు. ఆ దండను తన చేత్తోనే మడిచి నా చేతిలో పెట్టాడు.

నా జీవితంలో నవ్వించలేకపోయిన మనిషి ఒకడే. నాకు కావాల్సిన మనిషి వాడొక్కడే.

పోయిన మంగళవారం పొద్దున కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నేనే అందరికీ ఫోన్లు చేశాను. మీకూ చేశాను అన్నా, తల దించుకోవద్దు. మీరేమన్నారు? 'పో ఓబులేసూ, నీ తమాషాలు. ఆయప్ప పోయి రెండేండ్లాయ గదా. మేము అప్పుడే ఏడిచినాం' అన్నారు. ఒకరు కాదు. వీధి వీధి అదే మాట. తమాషా కాదని నేను ఒట్టేస్తే, 'అవునా' అని టీవీ సౌండు తగ్గించినవాళ్లు ఉన్నారు. సమాధుల తోటలో కుర్చీలు వేసింది నేను. ఖాళీ కుర్చీల వరస నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు వాటిని ఎత్తి బండిలో పెట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. ఒక మనిషి కోసం మనం ఏడవాల్సిన ఏడుపు ముందే వాడేసుకున్నాం. అసలు మనిషి పోయేసరికి మన దగ్గర మిగల్లేదు.

ఇవాళ హాలు నిండింది. సంతోషం. ఆ కంపెనీ వాళ్లు కూడా సంతాపం పెట్టారట ఫోన్లలో, దండతో ఉన్న అదే ఫోటో వేసి. కొత్తగా ఏం చేయాల్సిన పని లేకపోయింది వాళ్లకు.

ఇప్పుడు తెలిసింది కదా, దండ ఎందుకు వద్దన్నామో? బతికుండగానే రెండేళ్లు మోశాడు. లూదియమ్మ అన్న మాట ఒకటే. 'చానా దినాలు ఉండె అన్నా ఆ మెడలో. ఈడన్నా తీసేయండి.' ఈ ఒక్క హాల్లో, ఈ ఒక్క గంట, వాడి మెడలో దండ లేదు. మనం చేయగలిగింది ఇంతే. దీనివల్ల వాడు తిరిగి రాడు. వాడికి పనీ రాదు. ఏడు దాటింది. కాసేపటికి మీరు ఇళ్లకు పోతారు, టీవీ పెడతారు. గోడ మీద వాడు ఉంటాడు, దండతో. నేను చూడొద్దని చెప్పను. చెప్పినా మీరు వినరు. సీరియల్ ఇంకా అయిపోలేదు కదా.

రెండు నిమిషాల మౌనం పాటించమని నన్ను చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒక్క మాట. వాడి పనిలో చావు సీను తీసేటప్పుడు కూడా అందరూ ఇట్లాగే కదలకుండా నిలబడతారట. ఎక్కడి నుంచో ఒక గొంతు 'కట్' అంటుంది. అప్పుడు పడుకున్నవాడు లేస్తాడు, నవ్వుతాడు. ముప్పై ఏళ్లు కళ్లు మూసుకుని వాడు ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఇవాళ మనం నిలబడతాం. రెండు నిమిషాలు అవుతాయి. ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు.

దండలు కుర్చీల మీద పెట్టండి. అవ్వా, నువ్వు కూర్చునే ఉండు, పర్లేదు. మిగతావాళ్లంతా లేచి నిలబడండి.

మైకు ఆపేస్తున్నాను.